థార్, జిమ్నీలకు లిఫ్ట్ కిట్ వేయిస్తున్నారా? రెండు అంగుళాల ఎత్తు కోసం డ్రైవ్‌షాఫ్ట్, వారంటీ రెండూ పోవచ్చు.. అసలు లెక్క ఇదీ!

నిర్మల్ జిల్లాలో వానాకాలం వచ్చిందంటే చాలు.. కడెం వైపు వాగులు పొంగుతాయి, ఖానాపూర్, పెంబి వైపు మొరం రోడ్లు బురదమయమవుతాయి. మహబూబ్ ఘాట్ మలుపులు, కుంటాల జలపాతం దారులు చూసేందుకు యువత ఫోర్ బై ఫోర్ బండ్లతో బయల్దేరుతుంది. ఈ బండ్లు కొన్నవాళ్లలో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఒకటే.. బండిని ఇంకాస్త ఎత్తు చేయిద్దామని. సోషల్ మీడియాలో కనిపించే ఎత్తైన థార్ చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఎత్తు భారం బండి కింద కనిపించకుండా తిరిగే డ్రైవ్‌షాఫ్ట్ మీద పడుతుంది. అదెలాగో, షాఫ్ట్ పోతే వారంటీ వస్తుందో రాదో తెలుసుకుందాం.

లిఫ్ట్ అంటే ఏంటి?

లిఫ్ట్ రెండు రకాలు. మొదటిది బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కు, బాడీకి మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. ఇంజన్, గేర్‌బాక్స్, షాఫ్టులు ఎక్కడివక్కడే ఉంటాయి. రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. పొడవైన స్ప్రింగులు లేదా స్ప్రింగుల దగ్గర స్పేసర్లు వేసి ఛాసిస్‌తో సహా బండినంతా పైకి ఎత్తుతారు. ఎక్కువమంది వేయించేది ఇదే. అసలు చిక్కు కూడా ఇక్కడే.

ఎందుకంటే ఛాసిస్‌తో పాటు ఇంజన్, గేర్‌బాక్స్ పైకి లేస్తాయి. చక్రాలు మాత్రం నేల మీదే ఉంటాయి. ఈ రెండింటినీ కలిపే షాఫ్ట్ పక్కకు వాలిపోతుంది. ఆ వాలే అన్ని సమస్యలకూ మూలం.

ముందు చక్రాల దగ్గర ఏం జరుగుతుంది?

2020 అక్టోబర్ 2న మార్కెట్లోకి వచ్చిన మహీంద్రా థార్‌లో ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది. ఫోర్ బై ఫోర్ మోడల్‌లో డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కో చక్రానికి ఒక్కో పొట్టి షాఫ్ట్ వెళ్తుంది. షాఫ్టు రెండు చివర్లా సీవీ జాయింట్లు, వాటి మీద గ్రీజు నింపిన రబ్బరు బూట్లు ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూడండి. షాఫ్ట్ పొడవు 50 సెంటీమీటర్లు, అది నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. బండిని 5 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండు అంగుళాలు లేపితే షాఫ్ట్ సుమారు 6 డిగ్రీలు వాలుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడే ఇంత వాలు. గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు, పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంకా పెరుగుతుంది. జాయింట్ తన హద్దు చివరికి చేరేది ఆ క్షణంలోనే. అప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే జాయింట్ విరిగే ప్రమాదం ఉంది.

అంతకంటే ముందు దెబ్బతినేది రబ్బరు బూటు. ఎప్పుడూ సాగి, మడత పడి ఉండటంతో చిట్లుతుంది. గ్రీజు బయటకు పోతుంది, బురద నీళ్లు లోపలికి చేరతాయి. కొన్నాళ్లకు మలుపు తిరిగేటప్పుడు టక్ టక్ అని శబ్దం మొదలవుతుంది. అది వినిపించిందంటే జాయింట్ అరిగిందని అనుమానించాల్సిందే. అదే రియర్ వీల్ డ్రైవ్ థార్ అయితే ముందు చక్రాలకు షాఫ్టులే ఉండవు కాబట్టి ఈ బాధ లేదు.

వెనుక షాఫ్ట్ వణుకు ఎందుకు?

గేర్‌బాక్స్ వైపు నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే పొడవాటి షాఫ్ట్ చివర్లలో సాధారణంగా మెకానిక్‌లు 'క్రాస్' అని పిలిచే యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఈ జాయింట్‌కు ఒక గుణం ఉంది. వంగి తిరిగేటప్పుడు ఇది ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 3 డిగ్రీలైతే ఈ తేడా 0.14 శాతమే. 10 డిగ్రీలకు అది అటూ ఇటూ ఒకటిన్నర శాతానికి చేరుతుంది. షాఫ్ట్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఈ కుదుపు నిమిషానికి 4000 సార్లు అన్నమాట.

రెండు చివర్లా వంపు సమానంగా ఉంటే ఒక జాయింట్ కుదుపును రెండోది సరిచేస్తుంది. కంపెనీ ఆ కోణాలను లెక్కగట్టే బిగిస్తుంది. లిఫ్ట్ వేసి, ఇరుసు కోణం సరిచేయకుండా వదిలేస్తే ఆ లెక్క తప్పుతుంది. హైవే మీద వేగం పెరిగేకొద్దీ సీటు కింద వణుకు వస్తుంది. తర్వాత క్రాస్ బేరింగులు, ఆయిల్ సీళ్లు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి.

జిమ్నీ సంగతి కొంచెం వేరు. దానికి ముందూ వెనుకా గట్టి ఇరుసులే. చక్రాలకు వెళ్లే షాఫ్టులు ఇరుసు లోపలే ఉంటాయి కాబట్టి లిఫ్ట్ వల్ల వాటి కోణం మారదు. కానీ ముందుకీ వెనక్కీ వెళ్లే పొడవాటి షాఫ్టుల కోణాలు మారతాయి. ఇరుసు కాస్త పక్కకు జరుగుతుంది, స్టీరింగ్ తీరు కూడా తేడా వస్తుంది.

ఇంత చేసినా దక్కేది ఎంత?

చాలామందికి తెలియని విషయం ఇదే. గట్టి ఇరుసు ఉన్నచోట సస్పెన్షన్ లిఫ్ట్ వేసినా ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవదు. రాయి తగిలేది దానికే! దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. అయితే టైరు వ్యాసం 10 శాతం పెరిగితే, అదే లాగుడు బలానికి షాఫ్ట్ మీద పడే మెలిక కూడా 10 శాతం పెరుగుతుంది. నిజానికి థార్‌కు కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే 226 మిల్లీమీటర్లు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెబుతోంది. మొరం రోడ్డుకు, చిన్న వాగుకు మామూలుగా ఇది చాలు.

వారంటీ ఇస్తారా? ఇవ్వరా?

బండిలో చేసిన మార్పుల వల్ల వచ్చిన నష్టానికి బాధ్యత ఉండదని కంపెనీల వారంటీ షరతుల్లో సాధారణంగా ఉంటుంది. లిఫ్ట్ వేసిన బండిలో సీవీ జాయింట్ పోయిందని షోరూంకు వెళ్తే, ముందుగా చూసేది స్పేసర్లనే. అలాగని లిఫ్ట్ వేశారు కాబట్టి మ్యూజిక్ సిస్టం పాడైనా ఇవ్వం అంటే? ఆ లోపానికి, లిఫ్టుకు సంబంధమేంటో అడగొచ్చు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఈ విషయంలో కొనుగోలుదారుకు అండగా ఉంది. మన దగ్గర వారంటీ కోసమే అలాంటి ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సలహా కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 1915 ఉంది.

వారంటీ కంటే పెద్ద చిక్కు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

ఇప్పటికే వేయించి ఉంటే..

ప్రతి బురద ప్రయాణం తర్వాత రబ్బరు బూట్లు చూసుకోవాలి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలుంటే వెంటనే మార్పించాలి. బూటు ఒక్కటే చిట్లిన దశలో పట్టుకుంటే జాయింట్ మిగులుతుంది. వణుకు వస్తే షాఫ్ట్ కోణాలు కొలిపించాలి. కొత్తగా మలుపు శబ్దం వస్తుంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కడం మానేయాలి. తిరిగి స్టాక్ స్ప్రింగులు వేయించడం అన్నింటికంటే సులువైన దారి. ఇక కవ్వాల్ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా బండి దించడం వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎంత ఎత్తు బండైనా సరే.

వాగు మధ్యలో షాఫ్ట్ విరిగితే సిగ్నల్ లేని చోట సాయం వచ్చేసరికి నీళ్లు పెరిగిపోవచ్చు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆలోచించాల్సింది అదే.