సలహా ముందు, దరఖాస్తు తరువాత

ఒకే మాటకు ఊరికొక అర్థముండడం వింత కాదు. 'కౌన్సెలింగ్' అనే మాటనే చూడండి. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో ఈ మాట వినగానే ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టి ఇంజనీరింగు సీట్లు పంచే కార్యక్రమం గుర్తుకు వస్తుంది. మన మలేషియాలో బడి కౌన్సెలరు పిలిచారంటే, పిల్లవాడు ఏం తప్పు చేశాడోనని తల్లి గుండె గుబేలుమంటుంది. అమెరికాలో ఈ మాటకు మరో అర్థమున్నది. అది మనం తెలుసుకోదగినది.

వర్జీనియా రాష్ట్రంలో డల్లెస్ విమానాశ్రయానికి చేరువన హెర్న్‌డన్ అనే చిన్న పట్టణం కలదు. ఆ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మన పెద్దలవలె తోటపనికి గాక, ఎక్కువమంది కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళినవారు. అక్కడి హెర్న్‌డన్ హైస్కూలులో 9 నుండి 12 వరకు తరగతులు.

అటువంటి బడులలో ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారు ఉంటారు. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగురవేసినప్పుడు అమెరికా ఉలిక్కిపడి, 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. తెలివిగల పిల్లలను గుర్తించి కాలేజీకి దారి చూపే సలహాదారుల శిక్షణకు అందులో డబ్బు కేటాయించారు. ఈ పని దేశమంతటా బలపడడానికి అదొక ముఖ్య కారణం.

వర్జీనియాలో 7వ తరగతి నుండే ప్రతి విద్యార్థికి చదువు, వృత్తి ప్రణాళిక వ్రాయించాలని నియమమున్నది. ఎందుకంత ముందుగా? లెక్కలు మెట్లవంటివి. బీజగణితం, రేఖాగణితం, మళ్ళీ బీజగణితం, ఆపైన కలనగణితం. క్రింది మెట్టు ఆలస్యంగా ఎక్కినవాడు 12వ తరగతికి పైమెట్టు చేరలేడు. కాలేజీలు ఒక్క పరీక్షను గాక నాలుగేళ్ళ చదువునూ చూస్తాయి. ఎంత కష్టమైన పాఠాలు ఎన్నుకున్నాడో కూడా చూస్తాయి. 12వ తరగతి మొదట్లో దరఖాస్తులు పంపేటప్పుడు మార్కుల పట్టికతోపాటు సలహాదారు వ్రాసిన ఉత్తరం కూడా అనేక కాలేజీలు కోరుతాయి.

ఇక్కడే మనవారు పొరపడుతుంటారు. ర్యాంకులతో పైకి వచ్చిన తల్లిదండ్రులు మార్కులుంటే చాలుననుకుంటారు. సలహాదారు గది గడప త్రొక్కరు. వర్జీనియా నియమం ప్రకారం 325 మంది పిల్లలకు ఒక సలహాదారు చాలు. అంతమందిలో తాను ఎన్నడూ మాట్లాడని పిల్లవానిగూర్చి ఆయన ఏమని వ్రాయగలడు? కనుక 9వ తరగతిలోనే వెళ్ళి పలకరించాలి.

డబ్బు సంగతీ అంతే. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడి ఉన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ విద్యాసహాయం అందదు. ఇది చివరి ఏట తెలిస్తే ఇల్లంతా కుంగిపోతుంది; ముందే తెలిస్తే మార్గాంతరం వెదకవచ్చు. నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో రెండేళ్ళు చదివి, నిర్ణీత మార్కులు తెచ్చుకొంటే, ఒప్పందమున్న విశ్వవిద్యాలయాలలో తరువాతి చదువుకు చోటు లభిస్తుంది. ఈ దారి చూపడం కూడా సలహాదారు పనే.

ఇక మన సంగతి. తోట బడి ప్రాథమిక తరగతులతో ముగిసేది. ఆపైన చదవాలంటే ఎక్కడికి వెళ్ళాలో, ఏ కాగితం నింపాలో లైను ఇళ్ళలో చెప్పేవారు లేరు. మన పిల్లలకు తెలివి లేక కాదు, దారి తెలిసినవారు లేక ఎందరో కత్తి పట్టి రబ్బరు చెట్ల మధ్యకు వెళ్ళారు. నేడు బడులలో కౌన్సెలర్లున్నారు. అయినా ఎస్.పి.యం. ఫలితాలు వచ్చాక గదా మనం 'ఇప్పుడేం చేద్దాం?' అని పరుగెత్తుతున్నాము!

సోదరీ సోదరులారా, ఫారం 3లో ఉన్న మీ పిల్లవానిని ఈ వారమే కౌన్సెలరు వద్దకు తీసుకొని వెళ్ళండి. తప్పు చేసినందుకు కాదు, దారి అడుగుటకు. సంఘంలో చదువుకున్నవారు నెలకొక ఆదివారం ఒక బల్ల వేసుకొని కూర్చుంటే చాలు. నాడు లైను ఇళ్ళలో లేని ఆ పెద్దదిక్కు నేడు మనమే కావచ్చును.