అంబులెన్స్ వచ్చేలోగా...



మీరిచ్చే జకాత్, సదఖాల్లో కొంత వైద్యసాయంగా పేదలకు చేరుతోంది. అయితే ఆ సాయం మనిషి ఆసుపత్రి చేరాకే అక్కరకొస్తుంది. చేరేలోగా గడిచే గంట ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

ఖమ్మం నగరంలో ఉన్నవారికి ఆసుపత్రి దగ్గరే. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉన్నవారికి భద్రాచలం ఏరియా ఆసుపత్రే దిక్కు. అక్కడి నుంచి ఖమ్మం పంపితే మరో 120 కిలోమీటర్ల దాకా ప్రయాణం. వానాకాలంలో గోదావరి సంగతి సరేసరి. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఆ వరదలో వంతెనపై రాకపోకలు ఆపేశారు. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే వస్తుంది. నెలలు నిండిన గర్భిణిని, డయాలసిస్ రోగిని అప్పుడే ఆసుపత్రి దగ్గరున్న బంధువుల ఇంటికి చేర్చాలి.

ముందే సిద్ధం చేసుకోవలసినవి

ఒక సంచిలో ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాలు, పాత మందుల చీటీలు, కొంత నగదు పెట్టండి. ఎవరికి బీపీ, ఎవరికి షుగర్, ఏ మందు పడదు, బ్లడ్ గ్రూప్ ఏమిటి అన్నవి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనుక అంటించండి. రాత్రివేళ బండి తీయగల ఇద్దరు పొరుగువారి నంబర్లు కూడా రాయండి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో పిల్లలకు సైతం తెలియాలి.

108కు ఫోన్ చేసినప్పుడు మండలం, ఊరు, మస్జిద్ లేదా బడి వంటి గుర్తు చెప్పండి. వాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టేయకండి. ఒకరు రోడ్డు మీద టార్చితో నిలబడాలి.

పాము కరిస్తే

కట్లపాము ఎక్కువగా రాత్రి, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి. తాడు బిగించి కట్టొద్దు, గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి కోసం ఆగొద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేసి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి ఆ కాలో చెయ్యో కదలకుండా చూడండి. పామును పట్టి తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విరుగుడు మందు ఒక్కటే.

గుండెపోటు, పక్షవాతం

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా అది ఎన్ని గంటలకు మొదలైందో రాసుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నోట్లో నీళ్లు పోయకండి. మనిషి స్పృహ తప్పి శ్వాస ఆగితే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

మరో మాట. ఇంట్లో మగవాళ్లు లేరని, అంబులెన్స్ సిబ్బంది పరాయివారని మన ఆడవాళ్లు కొందరు ఆగిపోతుంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు షరీఅత్‌లో సడలింపు ఉందని ఉలమాలు చెబుతారు. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

సూరా అల్ మాయిదా 32వ ఆయత్ మనకు తెలిసిందే. మీ విరాళంతో పాటు ఒక్క సాయంత్రం కూడా ఇవ్వండి. మీ మొహల్లాలో పది ఇళ్లకు వెళ్లి ఆ కాగితం రాయించి, తలుపు వెనుక అంటించి రండి. ఆ అవసరం ఎవరికీ రాకూడదని దువా చేద్దాం. వస్తే మాత్రం, ఇన్షా అల్లాహ్, తడబడకుండా ఉందాం.