జామాకు కషాయం, డాక్టరు రాసిన మాత్ర

ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘాల్లో తరచు వినే సలహా ఒకటుంది: "ఆ మాత్రలెందుకండీ, జామాకు కషాయం తాగండి, క్రిములన్నీ చస్తాయి." ఇందులో కొంత నిజం ఉంది. అది ఎంతవరకో తెలుసుకోకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

శత్రువు దాడి చేస్తే చెట్టు పారిపోలేదు. అందుకే ఆకుల్లో, బెరడులో, కాయ తొక్కలో రక్షణ రసాయనాలు దాచుకుంటుంది. జామాకు నమిలితే, దానిమ్మ తొక్క కొరికితే తగిలే ఒగరు వాటిదే. టానిన్లు అనే ఈ పదార్థాలు ప్రోటీన్లను పట్టి బిగిస్తాయి. సూక్ష్మక్రిముల ఎంజైములు కూడా ప్రోటీన్లే గనుక వాటి పని కుంటుపడుతుంది.

దీన్ని పరీక్షించే పద్ధతి సులభమే. గాజు పళ్లెంలో జెల్లీ పోసి, దానిమీద బ్యాక్టీరియా పూసి, ఆకు సారంలో ముంచిన చిన్న కాగితపు బిళ్ల పెడతారు. మరునాటికి బిళ్ల చుట్టూ క్రిములు పెరగని వలయం ఏర్పడితే ఆ సారం పనిచేసినట్టు. చీము గడ్డలకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ మీద జామాకు, దానిమ్మ తొక్క సారాలు ఇలా పనిచేశాయి. ఈ.కోలై వంటి వాటికి పైన మరో పొర ఉంటుంది గనుక అవి అంత తేలిగ్గా లొంగవు.

అయితే పళ్లెం వేరు, శరీరం వేరు. పళ్లెంలో సారం క్రిమికి నేరుగా తగులుతుంది. తాగిన కషాయంలోని టానిన్లు చాలావరకు పేగుల్లోనే విరిగిపోతాయి, ఊపిరితిత్తులదాకా చేరవు. పైగా యాంటీబయాటిక్ మైక్రోగ్రాముల్లో చేసే పనికి ముడి సారం సాధారణంగా మిల్లీగ్రాముల్లో, అంటే వందల రెట్లు కావాలి.

హిజ్కియా పుండు మీద యెషయా వేయించినది కూడా ఒక పండ్ల చెట్టు ఇచ్చినదే, అంజూరపు పండ్ల ముద్ద. ప్రార్థించిన రాజుకు మందు వాడడం అవిశ్వాసం కాలేదు. మనకూ కాదు.

కాబట్టి నోరు పూస్తే జామాకు కషాయంతో పుక్కిలించండి, తప్పులేదు. కానీ క్షయ మాత్రలను నెల తిరక్కుండానే తగ్గిందనుకొని మానేయవద్దు. మామూలు క్షయకే ఆరు నెలల చికిత్స అవసరం. మధ్యలో ఆపితే మిగిలిన మొండి క్రిములు పెరుగుతాయి, తర్వాత అదే మందు పనిచేయకపోవచ్చు. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే ఇలాంటి ప్రమాదం గురించి హెచ్చరించాడు.

ఈ వారం రోగులను చూడ్డానికి వెళ్లినప్పుడు నాలుగు జామపండ్లు పట్టుకెళ్దాం. ప్రార్థించి లేచేముందు ఒక్క మాట అడుగుదాం: "ఈరోజు మాత్ర వేసుకున్నారా?"