మందు ఒకటే, శరీరాలు వేరు

మానసిక వ్యాధికి చికిత్స మొదలైన కొన్ని నెలలకు, పాల్వంచలోనైనా పట్నంలోనైనా, అనేక ఇళ్లలో ఒకే మాట వినవస్తుంది: "భ్రమలు తగ్గాయి, నిద్ర పడుతోంది, కానీ ఒళ్లు విపరీతంగా వచ్చేసింది." ఇక పెళ్లిళ్లలో, పండుగ దస్తర్‌ఖాన్ దగ్గర బంధువుల ఎత్తిపొడుపులు ఆరంభమవుతాయి. అవమానం భరించలేక కొందరు ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారు. వ్యాధి తిరగబెడుతుంది. ఈ అనర్థం ఆగాలంటే మనం ఒక నిజం గ్రహించాలి: ఆ బరువుకు తిండి యావ ఒక్కటే కారణం కాదు.

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి వ్యాధులకు ఇచ్చే మందులలో ఒలాంజపిన్, క్లోజపిన్ బరువును ఎక్కువగా పెంచుతాయి. రిస్పెరిడోన్, క్వెటియాపిన్‌ల ప్రభావం మధ్యస్థం, అరిపిప్రజోల్‌ది తక్కువ. మెదడులో సెరటోనిన్, హిస్టమిన్ పనిచేసే ద్వారాలను ఈ మందులు మూసివేసినప్పుడు, కడుపు నిండిందన్న సంకేతం బలహీనపడుతుంది. ఎంత తిన్నా ఆకలి తీరదు.

అయితే ఒకే మాత్ర వాడిన ఇద్దరిలో ఒకరు బాగా లావెక్కవచ్చు, మరొకరిలో మార్పే కనిపించకపోవచ్చు. వయస్సు, ఆహారం, శ్రమలతోపాటు వంశపారంపర్యం కూడా ఇందుకు కారణం. 2002లో చైనా రోగులపై వెలువడిన పరిశోధనలో, సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువులో చిన్న మార్పు ఉన్నవారు తక్కువ బరువు పెరిగినట్లు తేలింది. 2012లో, ఆకలిని అదుపుచేసే ఎంసీ4ఆర్ జన్యువు సమీపంలోని మరో మార్పుకు అధిక బరువుతో సంబంధం ఉన్నట్లు గుర్తించారు. ఏ ఒక్క జన్యువూ అంతా నిర్ణయించదు. కనుక కుటుంబ చరిత్రే మనకు అందుబాటులో ఉన్న ఆధారం.

మందు పనితీరు పుట్టుకను బట్టి మారడం తెలుగునాట కొత్త సంగతి కాదు. శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ప్రభావం కొందరు ఆర్యవైశ్యులలో త్వరగా తొలగదు. దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైము జన్యువులో మార్పే కారణం. అది వారి తప్పని ఎవరూ అనరు. మరి బరువు పెరిగిన రోగిని నిందించడం న్యాయమా?

మందు మొదలైన రోజే బరువు, నడుము కొలత, రక్తంలో చక్కెర, కొవ్వు పరీక్షించి రాసిపెట్టుకోవాలి. తొలి వారాల్లో తరచుగా తూకం చూడాలి. రక్తసంబంధీకులలో మధుమేహం, ఊబకాయం ఉన్నా, ఇదే మందుతో ఎవరైనా లావెక్కినా వైద్యునికి తప్పక చెప్పాలి. మందు మార్చడమో, మెట్‌ఫార్మిన్ చేర్చడమో ఆయన నిర్ణయిస్తారు. రమజాన్ ఉపవాసాలకు ముందు మాత్రల వేళలూ ఆయననే అడగాలి. మనంతట మనం మందు ఆపరాదు. సలహా కోసం 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అల్లాహ్ ప్రతి వ్యాధికీ నివారణను సృష్టించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కాబట్టి దుఆ, దవా రెండూ కావాలి. ఒకరినొకరు పరిహసించుకోవడాన్ని దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో నిషేధించింది. ఆ ఆజ్ఞ మన దస్తర్‌ఖాన్ దగ్గర కూడా వర్తిస్తుంది. రోగి పళ్లెంలోని అన్నాన్ని లెక్కపెట్టే బదులు, సాయంత్రం అతనితో కలిసి అరగంట నడుద్దాం.