హైబ్రిడు కారును, ఇంటి జమాఖర్చు పుస్తకమును

మా యింట జమాఖర్చు పుస్తకము వ్రాయుట నా వంతు. కాపురమునకు వచ్చిన యేడు మొదలుకొని పాలు, కూరగాయలు, బియ్యము, మందులు, పిల్లల బడి జీతములు అన్నియు నా చేతివ్రాతతోనే ఆ పుస్తకములలో నున్నవి. నిరుడు ఉగాది వెళ్లిన వారమున అందులో ‘కారు - పెట్రోలు’ అని క్రొత్త పద్దొకటి తెరవవలసి వచ్చినది. ఆ పద్దు రెండు నెలలపాటు నన్ను నిద్రపోనీయలేదు. ఇప్పుడు మన పట్టణములందు హైబ్రిడు కార్లు కొనువారు పెరుగుచున్నారు. కొనవలయునా వద్దా యను విచారణలో ఇంటి యాడువారి మాటకును చోటున్నది. కావున నా యనుభవమును సోదరీమణులతో చెప్పుకొనదలచితిని.

మేము విశాఖపట్టణమున ఎం.వి.పి. కాలనీలో నివసించుచున్నాము. మావారికి ఓడరేవు ఆఫీసులో ఉద్యోగము. మా యత్తగారికి రెండేండ్ల క్రిందట పక్షవాతము సోకినది. ఆమెను వారమునకు మూడు దినములు వ్యాయామ చికిత్సకు తీసికొనిపోవలెను. ఆటోలో నెక్కించుట, దించుట ఆమెకు ప్రాణసంకటముగా నుండెడిది. అందువలన కారు కొనుట మాకు విలాసము కాదు, అవసరమే యయ్యెను. ఏ కారు కొనవలెననుటలోనే చిక్కు వచ్చినది. మావారు మామూలు పెట్రోలు కారు చాలుననిరి. నేను హైబ్రిడు కావలెనని పట్టుపట్టితిని. ఒకే కారునకు రెండు రకములు; హైబ్రిడు రకమునకు మూడు లక్షల రూపాయలు అధికము. దుకాణములోని యువకుడు టకటక లెక్కవేసి, “అమ్మా, లీటరుకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు వస్తుంది. ఈ మూడు లక్షలూ పెట్రోలులోనే తిరిగి వచ్చేస్తాయి” అనెను. ఎన్నాళ్లకు తిరిగివచ్చునో నేనడుగలేదు. అమ్మాయి కళాశాల చదువునకని ఐదేండ్లుగా కట్టుచు వచ్చిన చీటీని ఆ మాఘమాసముననే పాడుకొని యుంటిని. ఆ సొమ్ము ఆ మూడు లక్షలకు సరిపోయినది.

పెట్రోలు ఖర్చు కొలుచుటకు ఒక పద్ధతి కలదు. వంటయింటి నూనె ఖర్చు కొలుచుట యెరిగిన వారికి అది క్రొత్త కాదు. ఒకే బంకులో, గొట్టము తనంతట తానాగు వరకు ట్యాంకు నింపించి, అప్పటి మీటరు అంకె వ్రాసికొనవలెను. మరల నింపించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టెనో చూచి, నడచిన కిలోమీటర్లను దానిచే భాగింపవలెను. మొదటిసారి 412 కిలోమీటర్లకు 26.6 లీటర్లు పట్టినది; అనగా లీటరుకు పదిహేనున్నర. తప్పు చేసితినేమో యని మూడుసార్లు భాగించితిని. రెండవసారి 398 కిలోమీటర్లకు 25.9 లీటర్లు. మొదటి దానికంటెను తక్కువ! కారులోని తెర మాత్రము పదునేడని చూపుచుండెను. బండిని అమ్మినచోట చూపింపగా, “కొత్త బండి కదమ్మా, అలవాటు పడాలి” అని పంపివేసిరి.

నెలకు మేము తిరుగు 700 కిలోమీటర్లకు ఇరువదియైదు లీటర్లు చాలునని నేనెంచియుంటిని. నలుబదియైదు పట్టుచుండెను. లీటరు నూటపది రూపాయల లెక్కను నెలకు 2,200 రూపాయల లోటు. మావారు అడుగలేదు, నేను చెప్పలేదు. పెట్రోలు పద్దున తక్కువ వ్రాసి, మిగిలినదానిని ‘ఇతరములు’ అను పద్దున చేర్చితిని. పదునెనిమిది సంవత్సరములలో ఆ పుస్తకమున నేను వ్రాసిన అబద్ధము అదియొక్కటే.

అబద్ధము వ్రాసినదానను గనుక నిజమేమో తెలిసికొనవలెనను పట్టుదల కలిగినది. చదివితిని, అడిగితిని.

హైబ్రిడు కారు నిన్న మొన్నటి వింత కాదు. 1900 సంవత్సరముననే ఫెర్డినాండ్ పోర్షే అను ఇంజనీరు పెట్రోలు యంత్రమును, విద్యుత్తును జోడించి బండి నడిపెను. బజారునకు పెద్దయెత్తున వచ్చినది మాత్రము 1997 డిసెంబరులో, జపానులో, టొయోటావారి ప్రియస్ కారుతో. ఇందు ఇంజనొకటి, విద్యుత్ మోటారొకటి, చిన్న బ్యాటరీ యొకటి యుండును. మా యింట నున్నది గోడకు తీగ తగిలించి నింపు రకము కాదు. ఇందలి విద్యుత్తంతయు తుదకు పెట్రోలునుండి వచ్చినదే. ఇక లాభమెక్కడ? మామూలు కారు ఆగునప్పుడు బ్రేకులలో వేడియై పోవు శక్తిలో కొంత భాగమును ఇది మోటారు ద్వారా వెనుకకు రాబట్టి బ్యాటరీలో దాచుకొనును. నిదానముగా పోవునప్పుడు ఇంజనును ఆపివేసి, దాచినదానితో నడచును. మజ్జిగ పారబోయక చిలికి వెన్న తీసికొనుట వంటిది. వెన్న వచ్చును గాని పాలు పెరుగవు.

మా వెన్న ఎక్కడ పోవుచున్నదో కొన్నాళ్లకు కనిపెట్టగలిగితిని. మా చిన్నవాని బడి రెండు కిలోమీటర్లు. రైతుబజారు ఇంకను దగ్గర. అత్తగారి చికిత్సాలయము నాలుగు కిలోమీటర్లు. ఉదయమొకటి, పదిగంటలకొకటి, సాయంకాలమొకటిగా మూడు వేర్వేరు ప్రయాణములు. చల్లబడిన ఇంజను తగినంత వేడెక్కువరకు, పొగను శుభ్రపరచు పరికరము కాగువరకు, బ్యాటరీ నిండియున్నను ఇంజను పనిచేయుచునే యుండును. అది కాగి, ఇక ఆగి విశ్రమింపవచ్చునను సమయమునకు మేము గమ్యము చేరుచుంటిమి. రెండు గంటల తరువాత మరల చల్లని ఇంజను, మరల మొదటికి. ప్రతి దోసెకును పొయ్యి ఆర్పి, పెనము చల్లార్చి, మరల రాజేసినచో గ్యాసు ఎంత ఖర్చగునో ఊహింపుడు!

పైగా మా యూరి ఉక్కపోత. సముద్రపుటొడ్డున వేసవి యెట్టిదో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. గాలిలోని తేమనంతయు పిండి, దానిని చల్లార్చుటకు ఏసీ యంత్రము మిక్కిలి శ్రమపడును. హైబ్రిడు కారులో అది బ్యాటరీ శక్తితో తిరుగును. మద్దిలపాలెములోనో, హనుమంతవాకలోనో ఎర్రదీపము కడ కొంతసేపు నిలిచితిమా, ఆ చిన్న బ్యాటరీ తరిగిపోయి, బండి కదలకుండగనే ఇంజను గొణుగుట ప్రారంభించును. నిలిచియున్న బండికి లీటరునకు ఎన్ని కిలోమీటర్లు? సున్న. గాజువాకలో ఉక్కు కర్మాగారమునకును ఓడరేవునకును పోవు లారీల వెనుక చిక్కుకొన్ననాడు ఈ సున్నలు చాల కూడినవి.

కొండల సంగతియు నట్టిదే. సింహాచలము కొండ దిగునప్పుడు ఊరక బ్యాటరీ నిండునని సంతోషించితిని. నిజమే, నిండును. కాని దిగుట ముగియకముందే నిండిపోవును. తక్కిన శక్తికి దాచుచోటు లేక వృథా. ఎక్కునప్పుడు త్రాగిన పెట్రోలు మాత్రము పూర్తిగా మన ఖాతాలోనిదే. స్వామి దర్శనమునకు ఇట్టి లెక్కలు కట్టరాదని అత్తగారు కోపించిరి.

పెట్రోలు సయితము వెనుకటి పెట్రోలు కాదు. 2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో నూటికి ఇరువది వంతులు ఎథనాలు కలుపుట వచ్చినది. ఎథనాలు లీటరులో నుండు శక్తి పెట్రోలు లీటరులోని దానికంటె ఇంచుమించు మూడవవంతు తక్కువ. కావున కలిపిన లీటరులో నూటికి ఆరేడు వంతుల శక్తి తగ్గినట్లే. దానికి తగినట్లు చేసిన ఇంజనులలో నష్టము కొంత తగ్గునందురు. ఇందొక విచిత్రము గలదు. పెట్రోలు మా యూరిలోనే తయారగుచున్నది. 1957లో కాల్టెక్సువారు నెలకొల్పిన శుద్ధి కర్మాగారము తరువాత ప్రభుత్వపరమై, ఇప్పుడు హిందూస్తాన్ పెట్రోలియమువారి క్రింద నడచుచున్నది. రాత్రివేళ దాని గొట్టముపై మంట దూరమునకు కనబడును. నూతి ప్రక్కనున్నవారికి నీళ్లు చవుకయను న్యాయము ఇక్కడ చెల్లలేదు. ధరలో పన్నుల పాలు అంత పెద్దది.

అట్లయిన ఆ ఇరువదియెనిమిది ఎక్కడిదని మీరడుగుదురు. అది బొత్తిగా అబద్ధము కాదు. బండిని వీథిలో గాక పరీక్షాశాలలో ఉరుళ్లపై నిలిపి, ముందుగా గీసియుంచిన గీత ప్రకారము వేగము హెచ్చించుచు తగ్గించుచు సుమారు ఇరువది నిమిషములు నడిపింతురు. గంటకు తొంబది కిలోమీటర్లు మించదు. ఏసీ వేయరు. గోతులు లేవు, ఆవులు లేవు, సామాను లేదు, వెనుక సీటులో అత్తగారును లేరు. అన్ని కార్లను ఒకే కొలతతో పోల్చుటకు ఆ పరీక్ష పనికివచ్చును. మన యింటి ఖర్చు చెప్పుటకు పనికిరాదు.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో ఇట్టి ఫిర్యాదులు హెచ్చుకాగా ప్రభుత్వమువారు అధిక వేగము, ఏసీ, చలి - ఈ మూడింటిని లెక్కలోనికి తెచ్చి, 2008 సంవత్సరపు కార్ల నుండి అంకెల విధానమునే మార్చిరి. గాలనుకు 60 మైళ్లని పట్టణపు టంకె వేయించుకొన్న ప్రియస్ కారు ఒక్కదెబ్బతో 48కి దిగినది. కారు అదియే, రోడ్లు అవియే!

లాస్ ఏంజెల్సు ప్రాంతపు స్త్రీ యొకతె కథ మరియు చోద్యము. ఆమె 2006 నాటి హోండా సివిక్ హైబ్రిడు కొనెను. గాలనుకు 50 మైళ్లన్నారు; ఒక్కొక్కప్పుడు 30 మాత్రమే వచ్చినదట. అందరితో గలిసి రాజీపడిన స్వల్పపు సొమ్ము తనకు వలదని, న్యాయవాదులు ప్రవేశింపరాని చిన్న దావాల న్యాయస్థానమునకు పోయి తానే వాదించెను. పూర్వము ఆమెయు న్యాయవాదియే. 2012 ఫిబ్రవరిలో 9,867 డాలర్లు ఇప్పించుచు తీర్పు వచ్చినది. అదే సంవత్సరము మే నెలలో పై న్యాయస్థానము దానిని కొట్టివేసినది. మన పొరుగున కేరళములో కథ వేరుగా ముగిసినది. అక్కడ నొక స్త్రీ 2014లో కొన్న కారు హైబ్రిడు కాదు, డీజిలుది. ప్రకటనలో లీటరుకు 32 కిలోమీటర్లన్నారు. నిపుణుడు కొలువగా 19.6 తేలినది. త్రిశ్శూరు జిల్లా వినియోగదారుల కమిషనువారు 2022లో ఆమెకు 3,10,000 రూపాయలిప్పించిరి.

మన చట్టము ప్రకారము ఇట్టి ఫిర్యాదును రెండు సంవత్సరములలోపల జిల్లా కమిషనులో దాఖలు చేయవలెను. నేనును ఆలోచింపకపోలేదు. కాని నా దగ్గరనున్న ప్రకటన కాగితమున ఆ అంకె క్రింద చీమలవంటి యక్షరములతో ‘పరీక్షా పరిస్థితులలో’ అని వ్రాసియున్నది. ఆ యువకుడు నోట చెప్పిన మాటకు సాక్ష్యము లేదు. పైగా శ్రీకాకుళమున మా పుట్టింటికి పోయివచ్చినప్పుడు 226 కిలోమీటర్లకు 10.3 లీటర్లే పట్టినది. అనగా ఇరువదిరెండుకు కొంచెము తక్కువ. బండిలో లోపము లేదు; లోపము మా తిరుగుడులోను, నా లెక్కలోను ఉన్నది.

నా లెక్కలో నుండిన అసలు తప్పును పొరుగింటి పిన్నిగారు బయటపెట్టిరి. వారిదియు అదే కారు, బ్యాటరీ లేని మామూలు రకము. కాగితముపై దానికి ఇరువది. మావంటి తిరుగుడునకే వారికి పదునొకండు వచ్చుచున్నది. ఆ రాత్రి పుస్తకము తీసికొని కూర్చుంటిని. కాగితపు టంకెల ప్రకారము 700 కిలోమీటర్లకు మామూలు కారు 35 లీటర్లు, హైబ్రిడు 25. మిగులు పది లీటర్లు, 1,100 రూపాయలు. నిజపు టంకెల ప్రకారము మామూలు కారు 63 లీటర్లపైన, హైబ్రిడు 45. మిగులు పదునెనిమిదిన్నర లీటర్లు, ఇంచుమించు 2,050 రూపాయలు! మైలేజీ పడిపోయినకొలది మిగులు పెరిగినది. మోసపోతినని యేడ్చిన నాకు, చెప్పినదానికంటె ఎక్కువే మిగులుచున్నది. అయినను మూడు లక్షలు తిరిగివచ్చుటకు పండ్రెండేండ్లు కావలెను. ఆ యువకుని అంకెలనే నమ్మి లెక్కించినచో ఇరువదిరెండేండ్లకు పైన! బ్యాటరీకి ఇచ్చిన హామీయో, ఎనిమిదేండ్లు. ఈ గుణకారము దుకాణములోనే, ఆ కుర్చీమీదనే చేయవలసినది. కూరగాయల బేరములో అర్ధరూపాయి విడువని నేను అక్కడ చేయలేదు.

మరునాడు మావారి ముందు పుస్తకము పెట్టి, ‘ఇతరములు’ పద్దును విప్పిచెప్పితిని. వారు చాలసేపు మాటాడలేదు. తరువాత ఎర్రసిరా కలము తెచ్చి నా చేతికిచ్చి, “సరిచేసి వ్రాయి” అనిరి. అంతే. మంచముమీదనుండి అత్తగారు మాత్రము, “ఆటో ఎక్కేటప్పుడు నా నడుము నొప్పి ఏ పద్దులో రాశావే అమ్మాయీ?” అని అడిగిరి.

ఇప్పుడు బడి, బజారు, చికిత్స - మూడింటిని ఉదయపు ఒకే తిరుగుడులో ముగించుచున్నాము. బజారు పని అత్తగారి చికిత్స జరుగుచున్న సేపట్లో అగుచున్నది. చెట్టు నీడను బండి నిలుపుట, చక్రములలో గాలి పదునైదు దినములకొకసారి చూపించుట, ఏసీని ఇరువదియారు డిగ్రీల వద్ద నుంచుట అలవడినవి. నెలకు 610 కిలోమీటర్లకు మించుట లేదు. లీటరుకు పదునెనిమిదిన్నర వచ్చుచున్నది. పెట్రోలు పద్దు 3,600 రూపాయల వద్ద నిలిచినది. తగ్గిన సొమ్మునకు మరికొంత చేర్చి శ్రావణమున క్రొత్త చీటీ వేసితిని. అమ్మాయి కళాశాలకు ఇంకను రెండేండ్ల గడువున్నది. బంకు కాడ మీటరు అంకె వ్రాయుట ఇప్పుడు దాని పని. ఈ నెల పుస్తకమున దాని గుండ్రని చేతివ్రాతతో 18.9 అని యున్నది.