కాటా ఎవరి చేతిలో ఉంది?
గోదావరి డెల్టా దళితులు - దూరవిద్యలో అగ్రిబిజినెస్ చదువు

గోదావరి డెల్టాలో వ్యవసాయం అంటే దుక్కి, నాటు, కోత మాత్రమే కాదు. విత్తనాల కొట్టు, ఎరువుల అప్పు, కౌలు ఒప్పందం, రైసు మిల్లు, కాటా, లారీ ఇవన్నీ కలిస్తేనే వ్యవసాయం. దీన్నే చదువుల్లో అగ్రిబిజినెస్ అంటున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) నీళ్లతో పాటు ఈ వ్యాపారాన్నీ పెంచింది. చేలో వంగి నాట్లేసింది మాల, మాదిగ ఆడవాళ్లు. కాటా దగ్గర నిలబడి లెక్క రాసుకుంది భూమి, డబ్బు ఉన్న కులాలు. ఆ లెక్క మనవాళ్లు నేర్చుకోవాలన్నదే మేము చెప్పే మాట.

ఎక్కడ నేర్చుకోవాలి? హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 1996 నుంచి రెండేళ్ల అగ్రిబిజినెస్ డిప్లొమా నడుపుతోంది. అది అక్కడే ఉండి చదవాల్సిన చదువు. కూలికెళ్తేగానీ పొయ్యి వెలగని ఇంటి పిల్లలకు అది అందదు. పని మానకుండా చదవాలంటే దూరవిద్యే దారి. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. 1985లో ఏర్పడిన ఇగ్నో ఇప్పుడు అగ్రిబిజినెస్‌లో పి.జి. డిప్లొమాను దూరవిద్యలో అందిస్తోంది. ఒక జాగ్రత్త: యు.జి.సి. 2020 నిబంధనల ప్రకారం అగ్రికల్చర్ డిగ్రీలు దూరవిద్యలో ఇవ్వకూడదు. ఇంట్లో కూర్చునే బి.ఎస్సీ. అగ్రికల్చర్ చేయిస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టొద్దు.

చదివితే ఏమొస్తుంది? ఒక లెక్క చూద్దాం. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు సుమారు 1,777 అవుతుంది. తేమ 17 శాతం దాటిందని కళ్లంలోనే దళారి 1,500కు అడిగాడనుకుందాం. బస్తాకు 277 రూపాయలు పోయినట్టే. ఎకరానికి 30 బస్తాలైతే 8,300 పైచిలుకు. ఈ నష్టం వాన వల్ల మాత్రమే వచ్చిందా? ఆరబెట్టడానికి జాగా లేదు, బరకాలు లేవు, తేమ చూసే మిషను మన చేతిలో లేదు, పెట్టుబడి అప్పు ఆ దళారి దగ్గరే ఉంది. కోర్సులో ఫైనాన్స్, మార్కెటింగ్, నిల్వ అని వేరువేరు పాఠాలుగా వచ్చేవి ఈ నాలుగు సంగతులే.

అయితే పాఠాల్లో ఒక లోటుంది. వాటిలో రైతంటే పాసు పుస్తకం ఉన్నవాడు. మన దగ్గర సాగు చేసేది చాలాచోట్ల కౌలుదారు. 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తానంది గానీ, దానికి భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టే యజమానులెందరు? 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తర్వాత దళితులను సాంఘికంగా బహిష్కరించారు, పనులు, కౌళ్లు ఆపేశారు. మార్కెట్‌కు కులం లేదనే మేనేజ్‌మెంట్ పుస్తకం దీన్ని ఏ అధ్యాయంలో చెబుతుంది?

చెప్పినవాడు ఒకడున్నాడు. 1918లో అంబేడ్కర్ చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో కమతం చిన్నదా పెద్దదా అనేది ఎకరాలను బట్టి తేలదన్నాడు. ఆ భూమి మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు ఎన్ని అన్నదాన్ని బట్టి తేలుతుందన్నాడు. ఈ చదువుకు అదే మన మొదటి పాఠం కావాలి.

కాబట్టి ఒంటరిగా కాదు, నలుగురూ కలిసి చదవాలి. పాఠాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ఉపాధ్యాయ మిత్రులు ఆదివారాలు పేటలో కూర్చుని వాటిని తెలుగులో విప్పి చెప్పాలి. ప్రాజెక్టు రాయాల్సి వస్తే సొంత ఊరి కౌలు, కాటా, తరుగుల మీదే రాయాలి. కంపెనీల చట్టం ప్రకారం పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే కంపెనీ పెట్టుకోవచ్చు. వాటాలెన్నున్నా మనిషికి ఒక్కటే ఓటు. పాడిగేదె ఉన్న కూలి మనిషి కూడా ఉత్పత్తిదారే. డిప్లొమాతో ఉద్యోగం వస్తే మంచిదే. రాకపోయినా, కాటా ముల్లు చదివి లెక్క అడిగే మనుషులు పేటకు ఇద్దరున్నా దళారి మాట మునుపటిలా సాగదు.