కణంలో ప్రొటీన్లకు దారి చూపే రేణువు
జంషెడ్‌పూర్: 1912లో తొలి ఉక్కు దిమ్మను పోసిన ఈ నగరంలో ఉక్కు చుట్ట పూర్తిగా తయారై, చిరునామా పడ్డాకే కర్మాగారం దాటుతుంది. కణం పద్ధతి వేరు. చిరునామాయే ముందు తయారవుతుంది. క్లోమంలో ఇన్సులిన్ గొలుసుకు ముందుండే 24 అమైనో ఆమ్లాల సంకేత భాగం రైబోసోమ్ నుంచి బయటపడగానే దాన్ని సిగ్నల్ రికగ్నిషన్ పార్టికల్ పట్టుకుంటుంది. ఆరు ప్రొటీన్లు, ఒక ఆర్‌ఎన్‌ఏ కలిసిన ఈ రేణువు తయారీని కాస్త నెమ్మదింపజేసి, రైబోసోమ్‌తో సహా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరకు చేరుస్తుంది. అక్కడ జీటీపీ విచ్ఛిత్తితో రేణువు విడిపోతుంది. సగం తయారైన గొలుసు పొరలోని ద్వారం గుండా లోపలికి సాగుతుంది. పీటర్ వాల్టర్‌తో కలిసి దీన్ని గుర్తించిన గుంటర్ బ్లోబెల్‌కు ప్రొటీన్ల సంకేతాలపై పరిశోధనకు 1999లో నోబెల్ లభించింది. ఇన్సులిన్ సంకేతంలో ఒక్క అమైనో ఆమ్లం మారినా కొందరికి మధుమేహం వస్తుంది. రేణువులోని ఎస్‌ఆర్‌పీ54 ప్రొటీన్ జన్యువు దెబ్బతిన్న శిశువుల్లో ఒక రకం తెల్ల రక్తకణాలు తీవ్రంగా తగ్గి, మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాల మీదకు తేవచ్చు.